టీం జీతాల పరిమితి (క్యాప్) మీద 11.8 మిలియన్ ఎక్కువైంది: డిఫెన్స్‌లో ఎవర్ని ఉంచుకోవాల, ఎవర్ని వదలాల?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

ముందే చెప్తాండా, ఇది అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి. అనంతపురం ఆర్‌డీటీ గ్రౌండ్‌లో ఆడే ఫుట్‌బాల్ అనుకుని లోపలికొచ్చినోళ్లు ఏమనుకోవద్దు.

మాది 12 మంది మేనేజర్ల లీగు. సగం మంది కర్నూలు, నంద్యాల, కడప వాళ్లు, తక్కినోళ్లు డాలస్‌లో, న్యూజెర్సీలో ఉండే మనోళ్లే. ఆటగాళ్లు కంప్యూటర్ పుట్టించినోళ్లు. రూల్సు మాత్రం ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికాలోని పెద్ద లీగు) రూల్సే, 2025 పద్దు: క్యాప్ 279.2 మిలియన్ డాలర్లు, టాప్ 51 లెక్క (సీజన్ మొదలయ్యేదాకా ఎక్కువ ఖరీదున్న 51 మందినే లెక్కేసేది), జూన్ 1 రూలు, మిగిలిన క్యాప్ మరుసటేడుకు జమ, కాంపెన్సేటరీ పిక్కులు (ఆటగాడు బయటికి పోయినందుకు బదులుగా డ్రాఫ్ట్‌లో, అంటే కొత్తోళ్లను ఎంచుకునే చోట, వచ్చే అదనపు వంతులు), అన్నీ ఉండాయి. ఒక ఆటగాడి జీతం తగ్గించమని ఏడాదికి ఒకసారి అడగొచ్చు. వాడు కాదంటే వదిలేయాల్సిందే.

నా టీం లెక్క టాప్ 51కి 291.0 వచ్చింది. అంటే 11.8 ఎక్కువ. మార్చిలో లీగు ఏడాది మొదలయ్యే లోపల దింపాల. ముఖ్యమైనోళ్లు వీళ్లు, అన్నీ మిలియన్లలో:

క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు), 28 ఏళ్లు, 2028 దాకా కాంట్రాక్టు. ఈ ఏడాది క్యాప్ లెక్క 45, అందులో బేస్ జీతం 21.25.

ఎడ్జ్ రషర్ (అంచు నుంచి అవతలి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాడు), 26 ఏళ్లు. 2021 మొదటి రౌండు పిక్కు, ఇప్పుడు ఐదో ఏడాది ఆప్షన్ (మొదటి రౌండు వాణ్ణి ఇంకో ఏడాది ఉంచుకునే టీం హక్కు) మీద 14. టీంలో వీడే మొనగాడు.

డిఫెన్సివ్ ట్యాకిల్ (డిఫెన్స్ లైను మధ్యలో ఉండేవాడు), 28 ఏళ్లు, 2027 దాకా. క్యాప్ 22: బేస్ 16, బోనస్ కంతు (ముందే ఇచ్చేసిన బోనస్‌లో ఈ ఏడు క్యాప్‌కు రాసే వాటా) 6.

కార్నర్ (వెనక బంతి పట్టేవాళ్లను కాపలా కాసేవాడు), 30 ఏళ్లు, 2026 దాకా. క్యాప్ 18: బేస్ 13, కంతు 5. బేస్‌లో గ్యారంటీ ఏమీ లేదు.

మిడిల్ లైన్‌బ్యాకర్, 27 ఏళ్లు, కాంట్రాక్టు అయిపోయింది. ఏడాదికి 11 అడుగుతాండాడు. ఈ 11 పైన చెప్పిన 291లో లేదు.

నేననుకున్నది ఇది. ట్యాకిల్ కాంట్రాక్టు రీస్ట్రక్చర్ చేసి (జీతాన్ని బోనస్‌గా మార్చి), వెనక రెండు వాయిడ్ ఇయర్స్ (ఆడేది లేకుండా కంతులు పరచడానికే పెట్టే ఏళ్లు) తగిలిస్తే 11.86 మిగుల్తాంది. ఒక్క సంతకంతో గండం గట్టెక్కుతుంది, డిఫెన్స్ చెదరదు. ఇందులో తప్పేముందో చెప్పండి.

టవర్‌క్లాక్_అనంతపురం

లెక్క తప్పు లేదు బ్రో, మనిషే తప్పు.

16 బేస్‌లో వాడి అనుభవానికి ఉన్న కనీస జీతం 1.17 ఉంచి 14.83ను బోనస్‌గా మార్చినావు. ఐదేళ్లకు పరిస్తే ఏడాదికి 2.97. ఈ ఏడాది మిగిలేది 11.86, నిజమే. 11.8 దాటడానికి బొటాబొటి. కానీ ఆ 14.83 యాడికీ పోలేదు, వాడి చేతికి ఇప్పుడే నగదుగా ఇచ్చేసినావు. పద్దులో మాత్రం కంతులు కడ్తాండావు. 2027లో కాంట్రాక్టు అయిపోతానే మిగిలిన రెండు కంతులు కలిసి 5.93 డెడ్ మనీగా (టీంలో లేనోడి కింద పడే లెక్కగా) 2028 క్యాప్ మీద పడతాది. అది మంచి సందర్భం. చెడ్డ సందర్భం ఏందంటే, 2027 మార్చికి వాడికి 30 ఏళ్లు, మోకాలు పట్టేసిందనుకో, వదిలేద్దామంటే పాత కంతు 6, కొత్తవి మూడు 8.9, కలిపి 14.9 ఆ ఏడాది నెత్తిన. రీస్ట్రక్చర్ చేయకపోయింటే 6తో పోయేది. వాడిని వదల్లేవు, ఆడించలేవు.

కంతుల అప్పు ఎవడి పేరు మీద రాయాలంటే, ఆ కంతులు తీరేదాకా నీ టీంలో ఖచ్చితంగా ఉండేవాడి పేరు మీద. నీకు అట్లాంటోళ్లు ఇద్దరే: క్వార్టర్‌బ్యాక్, ఎడ్జ్. ముప్పై దగ్గర పడిన ట్యాకిల్ కాదు.

క్వార్టర్‌బ్యాక్ బేస్ 21.25లో 20 బోనస్‌గా మార్చు. 2028 దాకా కాంట్రాక్టు ఉంది కాబట్టి వాయిడ్ ఇయర్స్ అక్కరలేదు, నాలుగేళ్లకు ఏడాదికి 5. ఈ ఏడాది క్యాప్ 45 నుంచి 30కి దిగుతాది, 15 మిగులు. 2026, 27, 28లో తలా 5 పెరుగుతాది. వాడి డబ్బు ముందే చేతికొస్తుంది కాబట్టి అలిగే పని లేదు. నిజం లీగులో ఇట్లా మార్చుకునే హక్కు టీంకే ఉండేట్లు కాంట్రాక్టులో ముందే రాసుకుంటారు.

ఎడ్జ్ సంగతి అందరూ ఉల్టా అనుకుంటారు. మొనగాడికి పెద్ద కాంట్రాక్టు ఇస్తే ఈ ఏడాది క్యాప్ పెరుగుతాదని భయం. నిజానికి తగ్గుతాది. ఇప్పుడు 14 మీద ఉండాడు. దాని మీద నాలుగు కొత్త ఏళ్లకు 128 ఇచ్చినావనుకో, మొత్తం ఐదేళ్లకు 142. అందులో సైనింగ్ బోనస్ 40, ఏడాదికి 8. ఈ ఏడాది బేస్ 1.17కి దింపు. క్యాప్ 9.17. అంటే 4.83 మిగిలింది, మనిషీ మిగిలినాడు. 2026లో 22 ఆప్షన్ బోనస్ (ఆ ఏడు ఇచ్చే రెండో బోనస్), అది నాలుగేళ్లకు 5.5 చొప్పున, బేస్ 1.23, క్యాప్ 14.73. ఆ తర్వాత బేస్ 24, 26, 27.6. అప్పుడు క్యాప్ 37.5, 39.5, 41.1.

37.5 చూసి గుండె పట్టుకోవద్దు. క్యాప్ 2023లో 224.8, 2024లో 255.4, 2025లో 279.2. ఇట్లా పెరిగే క్యాప్‌లో 2027 నాటికి ఆ 37.5 ఇప్పుడు కనపడేంత పెద్దది కాదు. కళ్లు మూసుకుని నమ్మొద్దు కూడా. కరోనా దెబ్బకు 2020లో 198.2 ఉన్నది 2021లో 182.5కి పడింది. ఆ ఏడు వెనక్కి తోసుకున్న కంతులన్నీ పెట్టుకున్న టీంలు మంచి మంచి ఆటగాళ్లను ఊరికే వదులుకున్నాయి.

ఎడ్జ్ కాంట్రాక్టు ఈ మార్చిలోనే ముగించు. ఆలస్యం చేస్తే ఏమైతాదో 2025లోనే కనపడింది. ఎడ్జ్‌లలో మార్చిలో మాక్స్ క్రాస్బీకి ఏడాదికి 35.5, అదే నెలలో మైల్స్ గారెట్‌కు 40, జులైలో టి.జె. వాట్‌కు 41, ఆగస్టు చివర మైకా పార్సన్స్‌కు 47. ఆరు నెలల్లో ధర 11.5 ఎగిరింది. పార్సన్స్‌తో ముందే ముగించుకోలేని కౌబాయ్స్ చివరికి అతన్ని ప్యాకర్స్‌కు ఇచ్చేసింది. కార్నర్ల మార్కెట్టు కూడా అంతే. బ్రాంకోస్ 2024 సెప్టెంబర్‌లో పాట్రిక్ సర్టైన్‌కు నాలుగేళ్లకు 96 ఇచ్చింది, అంటే ఏడాదికి 24. అప్పుడు అది కార్నర్లలో రికార్డు. ఆరు నెలలకే ఇంకో కార్నర్ స్టింగ్లీకి 30 వచ్చింది. సర్టైన్‌కు కూడా నీ ఎడ్జ్ మాదిరి ఐదో ఏడాది ఆప్షన్ చేతిలో ఉండింది. అయినా వాళ్లు ఆగలేదు.

ఇప్పుడు 291.0లోంచి 15, 4.83 తీస్తే 271.17. క్యాప్ కింద 8.03 ఉండావు. ట్యాకిల్ కాంట్రాక్టును ముట్టుకోలేదు.

ఏడురోడ్లు_కడప

టవర్‌క్లాక్ అన్న చెప్పినదాంట్లో తప్పు లేదు గానీ, ఆ 8.03 చూసి సంబరపడొద్దు. సీజన్ మొదలయ్యేసరికి అది మైనస్ అవుతుంది.

మొదట డ్రాఫ్ట్. మీ పిక్కులు ఏడు, మొదటి ఏడాది మొత్తం 9 అనుకుందాం. టాప్ 51 నడిచే రోజుల్లో ఒక్కో కొత్తవాడు వస్తే కింద 0.84 కనీస జీతం వాడు లెక్కలోంచి జారిపోతాడు. కొత్తవాడి బేస్ కూడా 0.84నే కాబట్టి నిజంగా పెరిగేది వాళ్ల బోనస్ కంతులే. 9 లోంచి ఏడు 0.84లు, అంటే 5.88 తీస్తే 3.12. ఇక్కడ చాలామంది మొత్తం 9 పక్కన పెట్టుకుని అనవసరంగా ఎవర్నో ఒకర్ని తీసేస్తారు.

తర్వాత సెప్టెంబర్. టాప్ 51 పోయి 53 మందీ లెక్కలోకి వస్తారు, ఇంకో ఇద్దరికి 1.68. ప్రాక్టీస్ స్క్వాడ్ 16 మంది, వారానికి 13,000 డాలర్లు, 18 వారాలు: 3.74. ఇది మర్చిపోవడం మామూలే. మూడూ కలిపితే 8.54. మీ దగ్గర ఉన్నది 8.03. అరమిలియన్ తక్కువ, అదీ ఒక్కడికీ దెబ్బ తగలకుండా. గాయపడినవాడు ఇంజర్డ్ రిజర్వ్‌లోకి పోయినా అతని జీతం క్యాప్‌లోనే ఉంటుంది, బదులు వచ్చినవాడి జీతం అదనం. దానికి కనీసం 3 నుంచి 5 చేతిలో ఉండాలి.

కాబట్టి కార్నర్ దగ్గరికి రాక తప్పదు. మూడు దారులు.

మార్చిలోనే వదిలేస్తే రెండేళ్ల కంతులూ 10 ఇప్పుడే పడతాయి. 18లో 8 మిగులుతుంది, అతని చోట 51లోకి ఎక్కే 0.84 వాడిని తీస్తే 7.16.

జూన్ 1 తర్వాత అని రాసి వదిలేస్తే ఈ ఏడాది 5, వచ్చే ఏడాది 5. ఈ ఏడాది మిగులు 12.16. చాలా తియ్యగా కనిపిస్తుంది. కానీ జూన్ 2 దాకా అతని 18 మొత్తం మీ పద్దులోనే కూర్చుని ఉంటుంది. మార్చి గండానికి అది పైసా కూడా పనికిరాదు. ఆటగాళ్ల అంగడి మార్చిలో నడిచిపోతుంది, జూన్‌లో చేతికొచ్చిన డబ్బుతో కొనడానికి తాలు తప్ప గింజ మిగలదు. డ్రాఫ్ట్ పిల్లల సంతకాలకు, ప్రాక్టీస్ స్క్వాడ్‌కు, గాయాలకు అయితే సరిపోతుంది. ఎట్లా వదిలినా డెడ్ మనీ మొత్తం 10. జూన్ రూలు దాన్ని తగ్గించదు, రెండుగా కోస్తుంది. మీ లీగులో మిగులు మరుసటేడుకు జమ అవుతుంది కాబట్టి అసలు తేడా తేదీలదే. పెద్ద మొత్తాల్లో చూడాలంటే రసెల్ విల్సన్ అనే క్వార్టర్‌బ్యాక్ లెక్క ఉంది. బ్రాంకోస్ అతన్ని 2024లో ఇట్లాగే వదిలితే 85 మిలియన్ డెడ్ మనీ ఆ ఏడాది 53, 2025లో 32 కింద పడింది.

మూడోది, నేను చేసేది: జీతం తగ్గించమని అడగడం. బేస్ 13ను 7కు దింపండి. క్యాప్ 12 అవుతుంది, 6 మిగులుతుంది. మార్చిలో వదిలేస్తే వచ్చేది 7.16, కానీ అప్పుడు కార్నర్ ఉండడు. 1.16 తేడాకు ఒక స్టార్టర్‌ను పోగొట్టుకోవడం బేరం కాదు. అతనికి ఆశ ఉండాలి కాబట్టి 3 మిలియన్ ప్రోత్సాహక బోనస్ పెట్టండి, కానీ పోయినేడు అతను అందుకోని గుర్తు మీద. పోయిన సీజన్‌లో 2 ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్లు విసిరిన బంతిని పట్టేయడం) చేసి ఉంటే 4 మీద పెట్టాలి. పోయినేడు సాధించనిది 'రాకపోవచ్చు' ఖాతాలోకి వెళ్లి ఈ ఏడాది క్యాప్‌లో లెక్కకు రాదు, సాధిస్తే వచ్చే ఏడాది పద్దులో పడుతుంది. 2 మీద పెట్టారంటే 'వస్తుంది' ఖాతాలో పడి 3 మిలియన్లూ ఇప్పుడే ఎక్కుతాయి, సగం మిగులు గాలికి పోతుంది.

అడిగే టైము కూడా ముఖ్యం. అంగడి తెరవకముందు అడిగితే బయట ఎక్కువ వస్తుందని అతను ఎగిరిపోతాడు. మిగతా టీంల కార్నర్ డబ్బులు అయిపోయాక, మార్చి మూడో నాలుగో వారంలో అడగండి. క్వార్టర్‌బ్యాక్, ఎడ్జ్ సంతకాలతో గడువు ఎలాగూ దాటేశారు కదా, తొందర లేదు.

బుగ్గవంక

ఇంత కష్టపడే బదులు ఎడ్జ్‌ను అమ్మేయొచ్చు కదప్పా? ఐదో ఏడాది ఆప్షన్‌లో వాడి మీద పాత బోనస్ కంతులేమీ మిగల్లేదు, నాలుగేళ్లలో తీరిపోయినాయి. అమ్మితే 14కి 14 మిగులు, డెడ్ మనీ సున్నా. ప్యాకర్స్ పార్సన్స్ కోసం రెండు మొదటి రౌండు పిక్కులు, పైన కెన్నీ క్లార్క్ అనే ట్యాకిల్‌ను ఇచ్చింది. ఆ పిక్కులతో చవగ్గా ఇద్దరు పిల్లోళ్లు వస్తారు, ఐదేళ్లు నిశ్చింత. చీఫ్స్ కూడా స్నీడ్ అనే కార్నర్‌కు 2024లో ఫ్రాంచైజ్ ట్యాగ్ (కాంట్రాక్టు అయిపోయినోణ్ణి ఇంకో ఏడాది ఆపేది) వేసి టైటాన్స్‌కు అమ్మేసింది కదా.

టవర్‌క్లాక్_అనంతపురం

చీఫ్స్ ఎవర్ని అమ్మింది, ఎవర్ని ఉంచుకుందో కూడా చూడు బుగ్గవంకా. స్నీడ్‌ను మూడో రౌండు పిక్కుకు అమ్మింది. అదే నెలలో క్రిస్ జోన్స్‌కు ఐదేళ్లకు 158.75 ఇచ్చింది. అంతకు రెండేళ్ల ముందు చార్వేరియస్ వార్డ్ అనే కార్నర్‌ను ఫార్టీనైనర్స్‌కు పోనిచ్చి, ఆ ఏడు డ్రాఫ్ట్‌లో 21వ పిక్కుతో మెక్‌డఫీని, ఏడో రౌండులో జేలెన్ వాట్సన్‌ను తెచ్చుకుంది. కార్నర్లను డ్రాఫ్ట్‌లో వాళ్లు తయారుచేసుకోగలరు. లోపలి నుంచి క్వార్టర్‌బ్యాక్‌ను నలిపే జోన్స్ లాంటోణ్ణి తయారుచేయలేరు. దొరకనోడికి డబ్బు పెట్టినారు, దొరికేవాణ్ణి అమ్మినారు.

చెనక్కాయ రైతు విత్తనానికి పక్కన పెట్టిన కాయను గానుగకు పంపడు. నీ ఎడ్జ్ ఆ విత్తనం కాయ. మొదటి రౌండు పిక్కు తెచ్చినా వాడు వీడంతటోడు అవుతాడని ఎవరు హామీ? పైగా పార్సన్స్‌కు వచ్చిన ధర మీ 12 మంది లీగులో ఎవడిస్తాడు.

అమ్మాలంటే డబ్బు వరస చూసుకుని అమ్మాల. నా లెక్కలో ఎడ్జ్ మొదట, లోపలి నుంచి రష్ చేసే ట్యాకిల్ తర్వాత, కార్నర్ మూడు. సేఫ్టీ (అందరికన్నా వెనక నిలబడేవాడు), మిడిల్ లైన్‌బ్యాకర్ అడుగున. క్వార్టర్‌బ్యాక్ మీదికి రెండున్నర సెకన్లలో మనిషి పోతే వెనక ఉన్న కార్నర్ సామాన్యుడైనా నిలబడతాడు. రష్ లేకపోతే ఎంత గొప్ప కార్నరైనా నాలుగు సెకన్లు పరుగెత్తలేడు.

లైన్‌బ్యాకర్‌కు 11 ఇవ్వొద్దు. ఇప్పుడు ఎక్కువ ఆట ఐదుగురు డిఫెన్సివ్ బ్యాక్‌లతో నికెల్‌లోనే నడుస్తాంది, మధ్య లైన్‌బ్యాకర్లు ఇద్దరే. వాడికి ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసి ఒక ఏడాది ఆపుదామా అనుకుంటావేమో. ట్యాగ్ లెక్కలో బయట్నుంచి రష్ చేసే లైన్‌బ్యాకర్లు, మధ్యలో ఉండేవాళ్లు అందరూ ఒకే గంపలో ఉండారు. అందుకే 2025లో లైన్‌బ్యాకర్ ట్యాగ్ 25 మిలియన్ దాటింది. 11 అడిగేవాడికి 25, అదీ కంతుల్లేకుండా మొత్తం ఆ ఏడాదే. సేఫ్టీ ట్యాగ్ 20 లోపలే, దానికైనా అర్థముంది.

ఈగిల్స్ 2024లో ఏం చేసిందో చూడు. జాక్ బాన్ సెయింట్స్‌లో అంచున, స్పెషల్ టీమ్స్‌లో ఆడేవాడు. ఏడాదికి 3.5కి తెచ్చి కోచ్ విక్ ఫాంజియో నడిపే డిఫెన్స్‌లో మధ్యలో నిలబెట్టినారు. ఆ ఏడాది వాడికి ఆల్ ప్రో (లీగులో మేటి ఆటగాళ్ల పట్టీ)లో చోటు, టీంకు సూపర్ బౌల్. తర్వాత మూడేళ్లకు 51 ఇచ్చి ఉంచుకున్నారు. అదే మార్చిలో జాష్ స్వెట్‌ను కార్డినల్స్‌కు, మిల్టన్ విలియమ్స్‌ను పేట్రియట్స్‌కు పోనిచ్చినారు. జేలెన్ కార్టర్, నోలన్ స్మిత్, జార్డన్ డేవిస్ లాంటోళ్లు అప్పటికే చవక కాంట్రాక్టుల మీద టీంలో ఉండారు కాబట్టి పోనివ్వగలిగినారు. వెనక మనిషిని రెండేళ్ల ముందే పెట్టుకోకుండా పోనిచ్చేది ఈగిల్స్‌ను చూసి నేర్చుకోవద్దు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

సరే, ట్యాకిల్ జోలికి పోలేదు. క్వార్టర్‌బ్యాక్, ఎడ్జ్ సంతకాలు మీరు చెప్పినట్లే పెట్టేసినా. కార్నర్‌ను ఏడురోడ్లన్న చెప్పినట్లు మార్చి చివర్లో అడిగితే 7 బేస్‌కు, 4 ఇంటర్‌సెప్షన్ల బోనస్‌కు ఒప్పుకున్నాడు. 8.03, 6 కలిపి 14.03. డ్రాఫ్ట్, 53 మంది, ప్రాక్టీస్ స్క్వాడ్ 8.54 తీస్తే 5.49.

లైన్‌బ్యాకర్ ఇంకో టీంకు 10.5కి పోయినాడు. ఇప్పుడు ఒక ఏడాదికి 3 మిలియన్‌లో వాడి బదులు ఒకణ్ణి చూసినా, 28 ఏళ్లు, కాంట్రాక్టు అయిపోయి ఖాళీగా ఉండాడు. 0.84 వాడు జారిపోతాడు కాబట్టి నికరంగా 2.16, ఇంకా 3.33 చేతిలో ఉంటాది. ఈ రోజే సంతకం పెట్టించేదా?

ఏడురోడ్లు_కడప

పెట్టించొద్దు. మీ లైన్‌బ్యాకర్ 10.5కి బయటికి పోయినందుకు వచ్చే ఏడాది కాంపెన్సేటరీ పిక్కు రావాలి, అది మూడో రౌండు నుంచి ఏడో రౌండు మధ్య ఎక్కడో పడుతుంది. ఆ లెక్క పోయినవాళ్లు, వచ్చినవాళ్లు కొట్టేసుకునే లెక్క. కాంట్రాక్టు ముగిసి ఖాళీగా ఉన్న 3 మిలియన్ వాడిని ఇప్పుడు తెస్తే, లెక్కలోకి వచ్చే ధర అయితే, మీ పిక్కు అతనితో కొట్టేసుకుపోతుంది.

డ్రాఫ్ట్ అయిన తర్వాతి సోమవారం సాయంత్రం 4 గంటలు, అక్కడి తూర్పు టైము. అది దాటాక చేసిన సంతకాలు ఆ లెక్కలోకి రావు. మన దగ్గర అప్పటికి మంగళవారం తెల్లవారుజామున ఒకటిన్నర. అలారం పెట్టుకోండి. అంతదాకా అతను ఆగడనుకుంటే, పాత టీం మధ్యలో వదిలేసిన లైన్‌బ్యాకర్ ఎవరైనా ఉన్నాడేమో చూడండి. వదిలేసినవాడు ఎప్పుడు వచ్చినా లెక్కకు రాడు, ఈ రాత్రే సంతకం పెట్టించుకోవచ్చు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

వదిలేసినోడు ఒకడుండాడు, 30 ఏళ్లు, 2.5 అడుగుతాండాడు. పోయినేడు 17లో 11 ఆటలే ఆడినాడు.

ఏడురోడ్లు_కడప

అయితే 1.5 ఇచ్చి, తక్కిన 1 మిలియన్‌ను 12వ ఆట నుంచి ఆట ఆటకూ పంచి పెట్టండి. 11 దాటిన ప్రతి ఆట 'రాకపోవచ్చు' ఖాతాలోనే ఉంటుంది, ఆ ఆట ఆడిన వారంలోనే మీ పద్దులోకి వస్తుంది. దానికి ఆ 1 మిలియన్ పక్కన పెట్టుకోండి. పిక్కు మీకే ఉంటుంది.